తొమ్మిది సెకన్ల ఆకాశం

ఆ భవనంలో ఉదయం పదింటికి రాత్రవుతుంది, పదకొండింటికి తెల్లవారుతుంది, మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ చీకటి పడుతుంది. ఆరేళ్ళుగా ఈ వరసలో బతుకుతూ ఉండడం వల్ల ఆమెకి బయటి పొద్దు మీద నమ్మకం సడలిపోయింది. సాయంత్రం గేటు దాటి వీధిలోకి వచ్చేసరికి ఇంకా వెలుతురుంటే, ఎవరో దీపాలు ఆర్పడం మరిచిపోయారనిపించేది. ఇంటికి వెళ్ళాక అత్తగారు "ఏమిటే ఆ చూపు, ఇంకా చుక్కల్లోనే ఉన్నావా" అనేదాకా ఆమె నేల మీదికి దిగేది కాదు.

ఆ సోమవారం ఆ భవనానికి, అంటే ఊరి నక్షత్రశాలకి, ఒక చెక్కపెట్టె వచ్చింది. అందులో గ్రహాల దీపం ఉంది. ఇన్నాళ్ళూ ఆకాశాన్ని చూపించే గుండ్రటి గోపురం మీద గ్రహాలు కూడా మామూలు చుక్కల్లాగే కనిపించేవి. ఈ దీపం పెడితే గురుడి మీద చారలు, శని చుట్టూ వలయాలు కళ్ళకి కట్టినట్టు కనిపిస్తాయి. డైరెక్టరు పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగి, కొత్తల్లుణ్ణి చూసినట్టు మురిసిపోయాడు.

"శనివారానికి ఇది వెలగాలి. ఊళ్ళో బళ్ళన్నిటికీ చెప్పేశాను" అన్నాడు. తరవాత ఆమె కంప్యూటరు నడిపే గాజుగది గుమ్మంలో ఆగి, ఆమెతో "మీ కాగితం ఈ నెలాఖరుతో అయిపోతోంది కదూ. చూద్దాం" అన్నాడు.

"చూద్దాం" అనే మాట ఎంత పొడుగో దాని కింద నిలబడ్డవాళ్ళకే తెలుస్తుంది. ఆమెది పదకొండు నెలల ఒప్పందం. పన్నెండో నెల ఇంట్లో కూర్చోబెట్టి, ఆ పై నెల కొత్తమనిషి చేరినట్టు మళ్ళీ కాగితాలు రాయించుకుంటారు. ఏడాది పొడుగునా వరసగా ఉంచితే పర్మనెంటు చెయ్యమని అడుగుతారని భయం. అందుకే టిక్కెట్లమ్మే పిన్ని ఆమెకి "పదకొండు" అని పేరు పెట్టింది. "ఏం పదకొండూ, ఈసారైనా పన్నెండవుతావా" అని పలకరించేది. ఆమె నవ్వేసేది. ఈసారి మాత్రం నవ్వు రావడం లేదు. మనుషుల్ని తగ్గించమని పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చిందని భవనమంతా గుసగుసలాడుతోంది. తగ్గించాలంటే ముందు ఎవరి వైపు చూస్తారో అడిగి తెలుసుకోనక్కర్లేదు.

గోపురం వెనక గాజుగదిలో రెండు కుర్చీలున్నాయి. ఒకటి ఆమెది, ఒకటి మాస్టారిది. ఆయన ఎన్నడూ ఎవరికీ పాఠాలు చెప్పలేదు, అయినా తోటమాలి నుంచి డైరెక్టరు దాకా అందరికీ మాస్టారే. ఇరవై రెండేళ్ళ కిందట ఈ గోపురాన్ని నడిపే కంప్యూటరుకి కెర్నెల్ అనే మూల ప్రోగ్రాముని ఆయనే సొంతంగా కూర్చాడు. అందరూ వాడేది తెచ్చి పెట్టలేదు. అక్కర్లేనిదల్లా కత్తిరించి పారేసి, చుక్కల గోళం తిప్పే మోటారు, చంద్రుడి దీపం, పొద్దుగుంకే ఎర్రదీపాలు, కథ చెప్పే గొంతు, ఇలా ఎనిమిదింటిని నడిపే డ్రైవర్లనే ప్రోగ్రాము ముక్కలన్నీ కెర్నెల్ లోపలే కలిపి కుట్టేశాడు. బొత్తం నొక్కితే తొమ్మిది సెకన్లలో ఆకాశం వచ్చేస్తుంది.

"చీకట్లో పసిపిల్లలుంటారమ్మాయ్" అనేవాడు ఎవరడిగినా అడక్కపోయినా. "ఆట మధ్యలో కరెంటు పోయి వచ్చిందనుకో, పదో సెకనుకి మొదటి ఏడుపు వినిపిస్తుంది. నేను కొలిచాను. అందుకే తొమ్మిదికి తెచ్చాను."

ఆ మాట అబద్ధం కాదు. ఆయన పనితనం చూసి ఆమె లోలోపల దణ్ణం పెట్టుకున్న రోజులు చాలా ఉన్నాయి.

సాయంత్రం ఇంట్లో అత్తగారు కుట్టుమిషన్ ముందు కూర్చుని ఎవరిదో కోటు సరిచేస్తోంది. ఆవిడ కొడుకు, అంటే ఆమె భర్త, రైలు గార్డు, వారంలో నాలుగు రోజులు బండి మీదే ఉంటాడు. అందుకని అత్తాకోడళ్ళకి కబుర్లకి లోటు లేదు.

"కెర్నెల్ కెర్నెల్ అంటావు, అసలదేమిటే" అంది అత్తగారు.

"యంత్రంలో అందరికంటే ముందు లేచేది అత్తయ్యా. లేచి మిగతావాళ్ళని లేపేది."

"నాలాంటిదన్నమాట."

"అచ్చం మీలాంటిదే. కొత్త దీపంతో మాట్లాడాలంటే దాని భాష రావాలి. ఆ భాష తెలిసిన ముక్కని డ్రైవర్ అంటారు. ఆ ముక్కని కెర్నెల్ లోపలే కుట్టేయొచ్చు. లేకపోతే మాడ్యూల్ చేసి బయట ఉంచి, పనున్నప్పుడు పిలిచి, అయిపోయాక పొమ్మనచ్చు."

అత్తగారు దారం పళ్ళతో కొరికి, "నిన్ను పిలిచి పొమ్మంటున్నట్టు" అంది.

ఆమెకి నవ్వొచ్చింది, కానీ సగంలోనే ఆగిపోయింది.

"ఇదిగో, ఈ కోటు చూడు" అని అత్తగారు కోటు తిరగేసి లోపలి గుడ్డ చూపించింది. "ఇది ఇలా కుట్టేస్తే తొడుక్కున్నవాడికి హాయిగానే ఉంటుంది. లోపల ఎక్కడో చిన్న చిరుగు పడిందనుకో, కోటంతా విప్పుకోవాలి. పొద్దుట్నించీ నా తిప్పలు అవే."

మంగళవారం ఆమె కొత్త దీపాన్ని కంప్యూటరుకి కలిపే కార్డుని యంత్రంలో బిగించి, దానికి డ్రైవర్ రాయడం మొదలుపెట్టింది. దీపం చేసినవాళ్ళు పంపిన పుస్తకంలో సగం బొమ్మలే. రాయడం అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. మాస్టారు పక్క కుర్చీలో కూర్చుని అద్దాలు తుడుచుకుంటున్నాడు.

"దీన్ని మాడ్యూల్ చేసి బయట పెడదామనుకుంటున్నాను మాస్టారూ" అంది. "ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి పెడితే ఎవరైనా నడపచ్చు."

"ఎవరైనా అంటే?"

"ఎవరైనా. పిన్నయినా సరే."

"మరి నువ్వెందుకు?"

మాస్టారు అద్దాలు పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"ఇరవై రెండేళ్ళలో నలుగురు డైరెక్టర్లు మారారు. ఒక్కడూ నా కుర్చీ జోలికి రాలేదు. నా మీద ప్రేమనుకున్నావా? నేను లేకపోతే చుక్కలు రావు, అంతే. నా మాట విని లోపలే కుట్టెయ్. ఎలా కుట్టావో కాగితం మీద పెట్టకు, తలలోనే ఉంచుకో. అప్పుడు చూద్దాం అనడు. దయచేసి అంటాడు."

ఆయన మంచి కోరే చెప్పాడు. ఆ గొంతులో అంత ఆప్యాయత ఆమె ఎప్పుడూ వినలేదు. అందుకే కాదనలేకపోయింది. అందుకే అని ఆ రోజు తనకి తను చెప్పుకుంది గానీ, మనసులో ఏ మూలో అదే మాట ఎవరైనా అంటే బాగుండునని కాచుకుని కూర్చుంది నిజానికి.

"గురువారం నేను రాను" అన్నాడు మాస్టారు ఉన్నట్టుండి. "మా ఇంటావిడకి ఆసుపత్రిలో పనుంది."

"ఏమైంది మాస్టారూ?"

"ఏముంది, చిన్న పనే" అంటూ అద్దాలు మళ్ళీ తుడిచాడు. ఆరేళ్ళలో ఆయన లీవు చీటీ రాయగా ఆమె చూడడం అదే మొదటిసారి.

కెర్నెల్ కూర్చడానికి గాజుగదిలో వేరే కంప్యూటరు ఉంది. కూర్చేటప్పుడు దాని తెర మీద పెద్ద జాబితా వస్తుంది. ఒక్కొక్క ముక్క ముందూ ఒక ఖాళీ గడి ఉంటుంది. లోపల కుట్టదలుచుకుంటే గడిలో చుక్క పడుతుంది, మాడ్యూల్‌గా బయట ఉంచదలుచుకుంటే "ఎం" అక్షరం పడుతుంది. ఈ జాబితాకి ముందే ఒక ప్రశ్న ఉంది, అసలు మాడ్యూళ్ళని రానివ్వాలా వద్దా అని. మాస్టారు ఇరవై రెండేళ్ళ కిందటే అక్కడ వద్దని పెట్టాడు. దాంతో జాబితాలో ఎక్కడా "ఎం" అన్నదే కనిపించదు. చుక్కలే. ఆ ప్రశ్న మీద ఆమె వేలు కాసేపు ఆగింది. కిందికి జరిపి, గ్రహాల దీపం గడిలో చుక్క పెట్టింది.

తయారీ నలభై నిమిషాలు పడుతుంది. తెర మీద వాక్యాలు కింద పుట్టి, పైకి పోయి, మాయమవుతున్నాయి. గాజు అవతల మూడింటి ఆట నడుస్తోంది. చుక్కలు ఒక్కొక్కటే తూర్పున లేచి నెత్తి మీదుగా పడమటికి జారుతున్నాయి. ఈ వాక్యాలూ ఆ చుక్కలూ ఒకే నడకలో నడుస్తున్నట్టు అనిపించి ఆమెకి రెప్పలు వాలాయి. నిద్రా కాదు, మెలకువా కాదు. ఆ మధ్యలో ఎక్కడో తను ఒక గుండ్రటి ఇంట్లో ఉంది, ఆ ఇంటికి తలుపులు లేవు, పొమ్మనడానికి ఎవరూ రాలేరు. చాలా హాయిగా ఉంది. మోచేయి బల్ల మీంచి జారి ఉలిక్కిపడేసరికి తయారీ అయిపోయింది.

బుధవారం పొద్దున్నే కొత్త కెర్నెల్ ఎక్కించింది. మాస్టారి పద్ధతి ఒకటుంది. కొత్తది పెట్టేటప్పుడు పాతదాన్ని చెరిపేయాలి. "రెండు కెర్నెళ్ళుంటే యంత్రానికి రెండు మనసులుంటాయి" అంటాడాయన. ఆమె కూడా చెరిపేసింది. తరవాత కీబోర్డు మీంచే యంత్రాన్ని ఐదుసార్లు ఆపి లేపి చూసుకుంది. ఐదుసార్లూ తొమ్మిది సెకన్లు, చివరగా గోపురం మీద శని. బంగారు రంగు వలయాలతో, ఎవరో నిద్రలో కన్న వస్తువులా, ఏమీ చప్పుడు చెయ్యకుండా వేలాడుతోంది.

డైరెక్టరు తలెత్తి చాలాసేపు చూశాడు. "ఎలా చేశారమ్మా?"

"లోపల కలిపేశానండి. కొంచెం చిక్కు పని" అంది. చిక్కేమీ లేదని ఆమెకి తెలుసు, ఆయనకి తెలియదు.

"అంటే ఏమైనా అయితే మీరే చూడాలి."

"అవునండి."

"సోమవారం మీ కాగితాల మీద సంతకం పెట్టేస్తాను. ఈసారి నెలరోజులు ఇంట్లో కూర్చోబెట్టడాలు అవీ వద్దు."

పిన్ని ఈ కబురు ఎక్కణ్ణించి విన్నదో గానీ టిక్కెట్ల కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏం పన్నెండమ్మగారూ, మమ్మల్ని గుర్తుపెట్టుకుంటారా" అంది. ఆమె ఆ రోజంతా గాలిలో నడిచింది. మాస్టారు తల ఊపి, పెందలాడే వెళ్ళిపోయాడు. సాయంత్రం ఆమె రోజూలాగే మెయిన్ స్విచ్ ఆపి, తాళం వేసింది.

గురువారం తొమ్మిదిన్నరకి మెయిన్ స్విచ్ వేసి, బొత్తం నొక్కింది. తెర మీద వాక్యాలు పరుగెత్తాయి. ఒకచోట ఆగాయి. ఆఖరి వాక్యం ఆమె రాసిందే. దీపాన్ని పిలుస్తున్నాను, అని. ఆ తరవాత ఏమీ లేదు.

వెంటనే రీసెట్ నొక్కింది. మళ్ళీ అక్కడికే వచ్చి ఆగింది. స్విచ్ ఆపి వేసింది. అక్కడే. దీపం కార్డు ఊడబెరికి చూసింది. అయినా పిలుస్తూనే ఉంది, లేని మనిషిని. అవతల నూట డెబ్బై మంది పిల్లలు వచ్చి కూర్చున్నారు, కుర్చీలు కిర్రుమంటున్నాయి, ఎవడో ఈల వేశాడు. దీపం ఒక్కటి రాకపోతే పోనీ అనుకోవచ్చు. చుక్కలు లేవు, చంద్రుడు లేడు, గొంతు లేదు. అన్నీ ఒకే కుట్టులో ఉన్నాయి మరి, అదొక్కటి గుమ్మానికి అడ్డం పడితే వెనకవాళ్ళెవరూ లోపలికి రాలేకపోతున్నారు.

ఆమె ఎనిమిదోసారి స్విచ్ మీద చెయ్యి వేసేటప్పటికే డైరెక్టరు మాస్టారికి ఫోన్ చేసేశాడు.

పది ఇరవైకి మాస్టారు వచ్చాడు. చొక్కా జేబు మీద ఆసుపత్రివాళ్ళు అంటించిన చీటీ ఉంది. రోగి బంధువు, అని. ఆయన దాన్ని తీయడం మరిచిపోయినట్టున్నాడు. కుర్చీలో కూర్చుని తెర వైపు చూశాడు.

"నీ ముక్క దగ్గర ఆగింది. పాతది ఉందా?"

"చెరిపేశాను మాస్టారూ."

"అదే మన పద్ధతి కదా" అన్నాడు ఆయన, నిష్ఠూరంగా కాదు. "మొత్తం మళ్ళీ కూర్చి, ఎనిమిది డ్రైవర్లనీ సరిచూసుకోవాలి. రెండు గంటల పని." జేబులో ఫోన్ వణికింది. తీసి చూసి, తెరతో చెబుతున్నట్టు, "పదకొండున్నరకి లోపలికి తీసుకెళ్తారట" అన్నాడు.

"ఎవర్ని? దేనికి?"

"ఇంటావిణ్ణి. గుండె."

ఆమెకి సిగ్గుతో ఒళ్ళంతా మండిపోయింది. "మీరు వెళ్ళండి మాస్టారూ."

"ఎలా వెళ్తాను? ఆ ఎనిమిది డ్రైవర్ల లెక్కలూ నా తలలోనే ఉన్నాయి. కాగితం మీద ఎక్కడా లేవు."

ఈ మాట ఆయన నోట ఆమె వందసార్లు విని ఉంటుంది. ప్రతిసారీ మీసం దువ్వినట్టు చెప్పేవాడు. ఇవాళ రోగం పేరు చెప్పినట్టు చెప్పాడు. ఆయన వేళ్ళు కీబోర్డు మీద ఉన్నాయి, కళ్ళు గోడగడియారం మీద ఉన్నాయి. లేవలేకపోతున్నాడు. ఇరవై రెండేళ్ళుగా లేవని మనిషి, లేవడం మరిచిపోయాడు.

గుమ్మంలో డైరెక్టరు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె ఆయన వైపు తిరిగింది.

"సార్, ఇందులో మాస్టారి తప్పు లేదు. యంత్రానిదీ లేదు. దీపాన్ని బయట పెట్టొచ్చు. అలా పెడితే ఎవరైనా నడపగలరు, అప్పుడు నన్ను పొమ్మంటారని కావాలనే లోపల కుట్టాను. నిన్న చిక్కు పని అని మీతో అన్నది కూడా అందుకే. మాస్టారి భార్యకి ఇవాళ గుండె ఆపరేషన్. ఆయన్ని పంపించెయ్యండి. మూడింటి ఆటకి ఆకాశం నేను తెస్తాను."

ఇంత పొడుగు మాట ఆమె ఈ భవనంలో ఎప్పుడూ మాట్లాడలేదు. డైరెక్టరు ముఖం ఎర్రబడింది. ఏమో అనబోయి, మాస్టారి జేబు మీద చీటీ చదివాడు.

"సొంత పని అని నాకు రాసిచ్చారు" అన్నాడు మెల్లిగా. తన కారు తాళాలు తీసి మాస్టారి చేతిలో పెట్టాడు. ఆయన వాటి వైపు ఊరికే చూస్తూ ఉంటే వెనక్కి తీసుకుని, "పదండి, నేనే దింపుతాను" అన్నాడు.

పిల్లల్ని పిన్ని తోటలోకి తీసుకుపోయింది. గాజుగది నిశ్శబ్దమైపోయింది. ఆమె కార్డుని మళ్ళీ బిగించి, స్విచ్ వేసి, ఈసారి తెర వైపు కాకుండా కార్డు వైపు చూస్తూ కూర్చుంది. దాని అంచున చిన్న పచ్చదీపం ఉంది. ఇరవై సెకన్లు గడిచాక గానీ అది వెలగలేదు. ఆమె తల పట్టుకుంది. చల్లటి కార్డు నిద్ర లేవడానికి ఇరవై సెకన్లు పడుతోంది. తన డ్రైవర్ నాలుగో సెకనుకే వెళ్ళి ఒక్కసారి తలుపు కొట్టి, జవాబు కోసం అలాగే నిలబడిపోతోంది. అవతలివాడు నిద్రలో ఉండి వినలేదు. నిన్న ఐదుసార్లు ఆపి లేపింది నిజమే, కానీ కరెంటు తియ్యకుండా. కార్డు అసలు పడుకోనే లేదు. ఈ వృత్తిలో చేరిన మొదటి నెలలో చెయ్యాల్సిన తప్పు ఆరేళ్ళకి చేసింది.

పదకొండూ పదికి ఫోన్ మోగింది.

"రాసుకో" అన్నాడు మాస్టారు.

"ఎక్కడున్నారు? అమ్మగారు ఎలా ఉన్నారు?"

"పక్కనే ఉంది. నన్ను చూసి నవ్వుతోంది. రాసుకో. చుక్కల మోటారు. మూడో అర, ఐదో నంబరు, వేగం పదహారు దగ్గర మొదలెట్టు. ఎక్కువ పెడితే పళ్ళచక్రం అరుస్తుంది. రాశావా?"

"రాశాను."

"చంద్రుడి దీపం. రెండో అర. వేడెక్కితే ఎర్రబడుతుంది, అందుకని నాలుగు నిమిషాలకోసారి కాస్త తగ్గించమని లోపల రాశాను. ఎవరికీ తెలీదు ఈ సంగతి." ఒక్కొక్కటే చెప్పుకుపోయాడు. పొద్దుగుంకే దీపాలు, మేఘాల దీపం, కథ చెప్పే గొంతు. ఆయన తలలోంచి ఇరవై రెండేళ్ళు నెమ్మదిగా ఆమె కాగితం మీదికి దిగుతున్నాయి. వెనక ఎక్కడో చక్రాల మంచం చప్పుడు, ఎవరో పక్కకి తప్పుకోమనడం వినిపించాయి. ఆయన ఆగిపోయాడు.

"మాస్టారూ?"

"తీసుకెళ్ళారు" అన్నాడు. "తలుపేశారు."

"అక్కడ కూర్చోండి. ఇవి తరవాత చూసుకోవచ్చు."

"వద్దు. మాట్లాడుతూ ఉండు. ఇక్కడ ఊరికే నిలబడలేకపోతున్నాను. ఆరోది రాసుకో. తోకచుక్క."

ఆమె రాసుకుంది. అక్షరాలు అలుక్కుపోతే చీరకొంగుతో అద్ది మళ్ళీ రాసుకుంది. ఎనిమిదోది అయిపోయాక కూడా ఇద్దరూ ఫోన్ పెట్టలేదు. ఆయన అటు ఊపిరి తీస్తుంటే ఇటు ఆమె జాబితా తెరిచింది. మొదటి ప్రశ్న దగ్గరికి వెళ్ళి, మాడ్యూళ్ళని రానివ్వమని పెట్టింది. జాబితా పొడుగునా "ఎం" లు మొలుచుకొచ్చాయి.

"మీ చుక్కల మోటారు మాత్రం లోపలే ఉంచుతున్నాను మాస్టారూ. మిగతా ఏడూ, నాదీ బయటికి తీస్తున్నాను" అంది.

"ఎందుకు, అదొక్కటి?"

"పదో సెకనుకి పిల్లలు ఏడుస్తారు కదా."

అవతల ఆయన ఏడ్చాడో నవ్వాడో ఆమెకి తెలియలేదు.

మూడింటికి తొమ్మిది సెకన్లలో చుక్కలు వచ్చాయి. తరవాత చంద్రుడు, మేఘాలు, గొంతు, ఒకరి వెనక ఒకరు తాపీగా వచ్చి తమ తమ చోట నిలబడ్డారు. గ్రహాల దీపం అందరికంటే ఆలస్యంగా వచ్చింది. రాకపోతే దాన్నొక్కదాన్నే పంపేసి మళ్ళీ పిలవచ్చు, అంతలో ఆకాశం ఆగిపోదు. ఐదున్నరకి మాస్టారి దగ్గర్నుంచి ఒక్క ముక్కలో కబురు వచ్చింది. కళ్ళు తెరిచింది, అని.

శుక్రవారమంతా ఆమె కాగితాలు రాసింది. ఏది ఎందుకు అలా ఉందో, రాకపోతే ఏం చెయ్యాలో, మాస్టారి ఎనిమిదీ, తనదీ. మధ్యాహ్నం పిన్నిని కుర్చీలో కూర్చోబెట్టింది. పిన్ని ముందు ముక్కున వేలేసుకుని, "నాకిదంతా ఎందుకమ్మా, నేను చిల్లర లెక్క కూడా తప్పు చేస్తాను" అంది. గంట తరవాత గోపురం మీద తోకచుక్కని తెప్పించి తనే చప్పట్లు కొట్టుకుంది. వెనక నిలబడ్డ డైరెక్టరు ఇదంతా చూశాడు.

సాయంత్రం ఆమెని తన గదికి పిలిచాడు. కోప్పడతాడనుకుంది. కోప్పడలేదు, అదే ఎక్కువ కష్టమనిపించింది.

"మీరు చేసింది మంచి పనే" అన్నాడు. "నిన్న నిజం చెప్పినందుకు నాకు గౌరవం కూడా కలిగింది. కానీ పై ఆఫీసుకి నేనేం రాయాలో మీరే చెప్పండి. ఈమె లేకపోతే నడవదు అని రాస్తేనే కాగితం పొడిగిస్తారు. ఇప్పుడలా రాస్తే అబద్ధం కదూ."

"అబద్ధమేనండి."

"వచ్చే బుధవారందాకా ఉంటారు."

"సరేనండి" అంది. బయటికి వచ్చేసరికి ఇంకా వెలుతురుగానే ఉంది. ఈసారి దీపాలు ఎవరూ మరిచిపోలేదని తెలుస్తూనే ఉంది. ఇంటికి వెళ్ళి, కుట్టుమిషన్ పక్కన నేల మీద కూర్చుని, అత్తగారి మోకాలికి తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. చేసినదానికి పశ్చాత్తాపం లేదు. ఆ గోపురమంటే ఆమెకి ప్రాణం, అంతే. అత్తగారు మిషన్ ఆపి, ఏమీ అడక్కుండా తల నిమిరింది.

శనివారం పదింటి ఆటకి మాస్టారు వచ్చాడు. గడ్డం పెరిగి, మనిషి సగమయ్యాడు.

"ఆవిడే తరిమింది" అన్నాడు. "నువ్విక్కడ కూర్చుని నర్సుల ప్రాణం తీస్తున్నావు, పోయి నీ చుక్కల్ని చూసుకో అంది."

ఆమె తెర మీద జాబితా తెరిచి చూపించింది. ఇప్పుడు నడుస్తున్న మాడ్యూళ్ళన్నీ ఒకదాని కింద ఒకటి, పక్కన రాసినవాడి పేరు. ఏడు వరసల్లో మాస్టారి పేరే ఉంది. ఆయన వంగి, వేలితో ఒక్కొక్క వరసా తాకుతూ చదివాడు.

"కుట్టేస్తే ఎవరికీ కనపడేవి కావు" అన్నాడు. "నేను చేసినవి ఇలా పేరుపేరునా చూడ్డం ఇదే మొదలు." తల తిప్పి, "నీ కాగితం?" అన్నాడు.

"లేదన్నారు."

"నా మాట విన్నందుకు."

"వినడం మానేసినందుకు మాస్టారూ."

ఆయన తల దించుకున్నాడు. "నేను డైరెక్టరుకి మూడు నెలలు సెలవు రాసిచ్చాను ఇందాక. దయచేసి అంటాడని గుమ్మం దగ్గర కాసేపు నిలబడ్డాను కూడా. వెళ్ళి రండి, అన్నాడు." అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కొంచెం బాధేసింది. తరవాత మనసు తేలికై, ఆసుపత్రి దాకా నడిచే వెళ్దామనిపించింది."

పిన్ని కాగితాలు చంకలో పెట్టుకుని వచ్చి, "ఇద్దరూ లేవండి, నా కుర్చీ" అంది. గాజుగదిలో మూడో కుర్చీ లేదు. చేసేదిలేక ఇద్దరూ బయటికి నడిచి, పిల్లల వెనక ఆఖరి వరసలో రెండు ఖాళీ సీట్లు చూసుకుని కూర్చున్నారు. ఇరవై రెండేళ్ళలో ఆయన గానీ, ఆరేళ్ళలో ఆమె గానీ ఆ సీట్లలో ఎన్నడూ కూర్చోలేదు. అవి అంత వెనక్కి వాలతాయని కూడా తెలియదు.

దీపాలు తగ్గాయి. చీకటి పడింది. తొమ్మిది సెకన్లకి చుక్కలు వచ్చాయి, ఒక్క పిల్లా ఏడవలేదు. చంద్రుడు లేచాడు. గొంతు గ్రహాల గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఇదిగో శని, అంది. శని రాలేదు.

ఆమె లేచింది. పక్కన ఆయనా లేచాడు. ఇద్దరి మోకాళ్ళూ ముందు సీట్లకి తగిలాయి. గొంతు వలయాల గురించి చెబుతూనే ఉంది, గోపురం మీద ఆ చోటు నల్లగా ఖాళీగా ఉంది. ఆమె దారి వైపు ఒక అడుగు వేసింది. చీకట్లో మాస్టారి చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"కూర్చో" అన్నాడు గుసగుసగా. "ఆవిడ చూసుకుంటుంది."

కూర్చున్నారు. గాజు అవతల పిన్ని కాగితం మీద వేలు పెట్టి వాక్యం చదువుకుంటోంది, పెదవులు కదులుతున్నాయి. కళ్ళజోడు పైకి తోసుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. శని వచ్చింది. పిల్లలందరూ ఒకేసారి ఊపిరి పీల్చుకున్న చప్పుడు చీకట్లో ఆ చివర్నుంచి ఈ చివరికి వచ్చింది.

వచ్చే బుధవారం తరవాత ఎక్కడికి వెళ్ళాలో ఆమెకి తెలియదు. ఆరేళ్ళుగా ఆ ఆకాశం సరిగ్గా వచ్చిందో లేదో చూసుకుంటూ గడిపింది. ఇప్పుడు తల వెనక్కి వాల్చి ఊరికే చూసింది.